200 గజాల ఇంట్లో వాన నీటికి దారి, చోటు: వాటం నుంచి పల్లపు మడి దాకా

200 గజాల స్థలం మీద ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే 167 లీటర్ల నీరు దిగుతుంది. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో చాలాచోట్ల 200 మి.మీ. దాటి పడింది. ఆ లెక్కన ఒక్కో 200 గజాల ప్లాటు మీద 33 వేల లీటర్లకు పైగా పడినట్టు. ఎండాకాలంలో డబ్బు పోసి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్లతో చూస్తే ఆరున్నర ట్యాంకర్లు. అంత వానను ఏ ఇంటి పెరడూ మింగలేదు, మింగించాలని చూడటం కూడా దండగ. మామూలు వానాకాలంలో గంటకు 25 మి.మీ. పడే జల్లు మన స్థలంలోనే ఇంకిపోవాలి, అంతకు మించింది ఇంటికి, పక్కింటికి హాని చేయకుండా బయటికి పోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండు పనుల కోసమే.

చాలామంది ఇంకుడు గుంతతో మొదలుపెడతారు. మేస్త్రిని పిలిచి గేటు పక్కన గుంత తవ్వించి, కంకర పోయించి, పైన సిమెంటు బిళ్ల కప్పించి పని అయిపోయిందనుకుంటారు. నీళ్లు గుంత వైపు రావు, వస్తే బురదతో వస్తాయి, రెండేళ్లకు అది పూడిపోతుంది. గుంత ఆఖరున రావాల్సిన పని. ముందు వాటం, తర్వాత బయటికి దారి, ఆ తర్వాత నేల పైపొరలోనే నీరు నిలిచి ఇంకే పల్లపు మడి, అప్పటికీ మిగిలితే గుంత. ఈ వరస మారితే ఖర్చంతా గుంతలోకే పోతుంది.

మరొక్క మాట. ఇల్లు చెరువు శిఖం భూమిలోనో, నాలా ఒడ్డునో ఉంటే బయటి నుంచి వచ్చే వరదకు ఈ పనులు మందు కావు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినట్టు మునిగితే పెరట్లో ఎన్ని గుంతలున్నా ఒకటే. మీ డాబా మీద, మీ ఆవరణలో పడే నీటి సంగతి మాత్రమే ఇది.

1. లెవల్ చూడండి

మే నెలలోనే మొదలుపెట్టండి. మృగశిర కార్తె వచ్చేలోపు తవ్వకం పూర్తయితే, జూన్ ఆఖర్లో మొక్కలు పెట్టుకోవచ్చు.

కావలసింది మేస్త్రులు వాడే సన్నని పారదర్శక పైపు, 40 అడుగులైనా ఉండాలి. నీళ్లు నింపాక పైపు పొడవునా చూడండి. మధ్యలో ఎక్కడైనా గాలి బుడగ చిక్కుకుంటే లెవల్ తప్పు చూపిస్తుంది, మొత్తం పని వెనక్కి తిరుగుతుంది. ఇంటి ప్లింత్ (నేల మీద కనిపించే పునాది కట్టు) మీద ఒక గుర్తు పెట్టి దాన్ని సున్నా అనుకోండి. ఇంటి నాలుగు మూలలు, ప్రహరీ నాలుగు మూలలు, గేటు, గేటు బయట రోడ్డు, వీధి కాలువ అడుగు, డాబా పైపులు దిగే చోట్లు ఆ గుర్తుకు ఎన్ని అంగుళాల కింద ఉన్నాయో కాగితం మీద గీసిన ప్లానులో రాయండి. పదమూడు పద్నాలుగు అంకెలు వస్తాయి. మీ డిజైను వాటిలోనే ఉంటుంది.

అన్నిటికన్నా రోడ్డు అంకె జాగ్రత్తగా చూడండి. సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసిన కాలనీల్లో పాత ఇళ్ల ఆవరణ రోడ్డుకన్నా కిందికి పోయి ఉంటుంది. అలాంటి చోట వీధి నీరే లోపలికి వస్తుంది. గేటు లైనులో నేలను రోడ్డుకన్నా 3 అంగుళాలు ఎత్తుగా దిబ్బలా లేపి, అక్కడినుంచి లోపలికి వాలు ఇవ్వాలి. ఆ వాలు దిగే చోట అడ్డంగా 6 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల లోతు కాలువ కట్టి ఇనుప జాలీ పరవాలి. కాలువ ఒక చివర పల్లపు మడి వైపు తెరిచి ఉండాలి.

2. ఎంత నీరో లెక్క వేయండి

చదరపు అడుగులను 10.76తో భాగిస్తే చదరపు మీటర్లు. దాన్ని వాన మిల్లీమీటర్లతో గుణిస్తే లీటర్లు. డాబా, కాంక్రీటు అయితే అందులో 90 శాతం, ఉత్త మట్టి అయితే దాదాపు 30 శాతం పారుతుందనుకోండి.

ఉదాహరణకు 30 అడుగుల ముఖం, 60 అడుగుల పొడవు ఉన్న ప్లాటు తీసుకుందాం. ఇల్లు 25 × 44, అంటే 1,100 చదరపు అడుగుల డాబా. ముందు 12 అడుగులు, వెనుక 4, రెండు పక్కలా రెండున్నర చొప్పున ఖాళీ. వెనుక, పక్కల, కారు దారిలో కలిపి 460 చదరపు అడుగులు కాంక్రీటు. ముందు 240 చదరపు అడుగులు మట్టి. 25 మి.మీ. వానకు డాబా నుంచి 2,300 లీటర్లు, కాంక్రీటు నుంచి 960, మట్టి నుంచి 170. మొత్తం 3,400 లీటర్లు, కాస్త అటూ ఇటూ.

ఇప్పుడు మామూలు ఇంకుడు గుంత సంగతి చూడండి. 4 × 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు గుంత ఖాళీగా ఉంటే 2,700 లీటర్లు పడుతుంది. కానీ అందులో కంకర పోస్తాం. కంకర మధ్య ఖాళీలు పదింట నాలుగు వంతులకు మించవు. పైన వదిలిన ఖాళీతో కలిపినా ఒకేసారి పట్టేది 1,300 లీటర్లలోపే. గుంత ఒక్కటే చాలనుకునే వాళ్ల లెక్క తప్పేది ఇక్కడే.

3. మట్టి ఎంత తాగుతుందో చూడండి

మడి పెట్టాలనుకున్న చోట అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి తవ్వండి. గోడలను పార నున్నగా మెత్తి ఉంటే గడ్డపార మొనతో గీకండి, లేకపోతే నీరు దిగదు. నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. ఎండిన నేల మొదటిసారి ఎంతైనా తాగుతుంది కాబట్టి ఆ అంకెను నమ్మొద్దు. రెండోసారి నింపి, స్కేలు నిలబెట్టి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో రాయండి. అందులో సగమే లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే ఏళ్లు గడిచేకొద్దీ సన్న మట్టి చేరి వేగం తగ్గుతుంది.

గంటకు అంగుళం దాటి దిగితే మంచి నేల. హైదరాబాద్ చుట్టుపక్కల ఎర్ర నేల, కింద మొరం ఉన్న చోట ఇలా రావచ్చు. అర అంగుళం వచ్చినా పని జరుగుతుంది: సగం చేస్తే పావు అంగుళం, 24 గంటల్లో 6 అంగుళాల నీరు ఇంకుతుంది. అంతకన్నా తక్కువైతే మడి లోతు 3 అంగుళాలకు తగ్గించి వెడల్పు పెంచండి. నల్లరేగడి అయితే ఇంటి పునాదికి 10 అడుగుల లోపల నీటిని ఇంకించే పని ఏదీ పెట్టొద్దు. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, ఆ లాగులాటలో గోడలు బీటలు ఇస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో వానాకాలంలో నీటిమట్టం నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. గొయ్యి తవ్వితే కిందినుంచే నీరు ఊరుతుంటే లోతు గుంత పనికిరాదు, లోతు తక్కువ మడి ఒక్కటే దారి.

4. ముందుగా బయటికి దారి

మడి నిండాక నీరు ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే పార పట్టండి. మడి నుంచి గేటు పక్కన ప్రహరీ కింద 4 అంగుళాల పీవీసీ పైపు వేసి వీధి వాన కాలువలోకి వదలాలి. పైపుకు 8 అడుగులకు ఒక అంగుళం చొప్పున వాటం. పైపు నోరు కాలువలో నీరు పారే మట్టానికి పైనే ఉండాలి, లేకపోతే వీధి నీరు వెనక్కి తంతుంది. వేరే దారి లేకపోతే నాన్ రిటర్న్ వాల్వు (నీటిని ఒకవైపే పోనిచ్చేది) పెట్టించి, అందులో ఆకు ఇరుక్కోకుండా నెలకోసారి చూడాలి.

డ్రైనేజీ చాంబరులో మాత్రం వాన నీరు కలపొద్దు. ప్లంబరు అదే సులువంటాడు, నిజంగానే సులువు. కానీ వీధి అంతా అలాగే కలిపితే వాన గట్టిగా పడ్డ రోజు మురుగు లైను పట్టదు, మ్యాన్‌హోలు పొంగుతుంది, పల్లంలో ఉన్న ఇంటి బాత్రూములోకి మురుగు ఎగదన్నుతుంది. ఆ పల్లపు ఇల్లు మీదే కావచ్చు.

గేటు ముందు ర్యాంపు వేసేటప్పుడు వీధి కాలువను పూడ్చేయడం మరో అలవాటు. ర్యాంపు కింద కాలువ వెడల్పుకు సరిపడా పైపు వదిలించండి.

వాస్తు ప్రస్తావన ఇక్కడే వస్తుంది. నీరు ఈశాన్యానికే పోవాలంటారు. స్థలం సహజ వాలు కూడా అటే ఉంటే అదృష్టం. నైరుతి పల్లంగా ఉన్న స్థలంలో ఈశాన్యానికి వాటం తేవాలని ఒక పక్క రెండడుగుల మట్టి పోయిస్తే, ఆ మట్టి తడి మొత్తం ప్రహరీ గోడ మీదా ప్లింత్ మీదా పడుతుంది. గోడకు చెమ్మ, పెచ్చులు, ఆఖరికి ప్రహరీ బయటికి ఒరగడం. ఇంటి వరకు ఈశాన్య వాటం ఇచ్చి, అక్కడ ఒక చిన్న చాంబరు కట్టి, దానినుంచి పైపుతో పల్లానికి తేవడం మధ్యే మార్గం.

5. ఇంటి చుట్టూ వాటం

మట్టి నేల అయితే గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు దిగాలి. చిన్న ప్లాట్లలో పక్కన రెండున్నర అడుగులే ఉంటుంది కాబట్టి అక్కడ అడ్డం వాలుకన్నా నిలువు వాలు ముఖ్యం. పక్క సందులో గోడ దగ్గరి నుంచి ప్రహరీ వైపు ముప్పావు అంగుళం, వెనుక నుంచి ముందుకు 44 అడుగుల్లో ఐదున్నర అంగుళాలు. ప్రహరీ అంచున సిమెంటు నున్నగా చేసిన 4 అంగుళాల వెడల్పు గాడి ఉంటే నీరు దానిలో పారుతుంది. ఫ్లోరింగు అయ్యాక బకెట్టు నీళ్లు వెనుక పోసి చూడండి. ఎక్కడైనా చెంబెడు నీళ్లు నిలిచినా మేస్త్రి సామాను సర్దుకోకముందే సరిచేయించండి. తాండూరు, బేతంచర్ల బండలు పరిచే పనిలో మధ్య బండ కుంగడం తరచుగా జరిగేదే.

6. డాబా నీరు దించడం

స్లాబు మీద 8 నుంచి 10 అడుగులకు అంగుళం వాటం ఉండాలి. 4 అంగుళాల పైపు ఒక్కోటి గంటకు 100 మి.మీ. వాన జోరులో దాదాపు 450 చదరపు అడుగుల డాబాకు సరిపోతుంది. 1,100 చదరపు అడుగులకు మూడు పైపులు కావాలి. చాలా ఇళ్లకు రెండే ఉంటాయి, అందుకే జోరు వానలో డాబా చెరువవుతుంది. పైపు నోటి దగ్గర బోర్లించిన గిన్నె ఆకారపు జాలీ పెట్టండి. చదును జాలీ మీద ఒక్క వేపాకు మండ పడితే చాలు, నీరు ఆగిపోతుంది.

సంపులోకి నీరు పట్టుకోవాలనుకుంటే తొలి వాన నీటిని వదిలేసే వాల్వు, ఇసుక కంకర ఫిల్టరు తప్పనిసరి. సీజనులో మొదటి రెండు మూడు వానలు, ఆ తర్వాత ప్రతి వానలో మొదటి పది నిమిషాలు బయటికి వదలండి. మడిలోకి వదిలే నీటికి ఈ తంటా లేదు, పావురాల రెట్టనూ దుమ్మునూ మట్టే పట్టి ఉంచుతుంది. బోరు కేసింగులోకి డాబా పైపును నేరుగా కలపడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. వడకట్టకుండా లోపలికి పోయిన మురికి మీ బోరుతో ఆగదు, పక్కింటి బోరు దాకా పోతుంది.

పైపు కింద దిగిన చోట నీరు మట్టిని తొలిచేస్తుంది. రెండడుగుల బండ పరిచి, అక్కడినుంచి మడి దాకా అడుగున్నర వెడల్పు, 4 అంగుళాల లోతున గులకరాళ్ల కాలువ తీయండి. 8 అడుగులకు ఒకటి నుంచి రెండు అంగుళాల వాలు చాలు. మధ్యలో నడిచే దారి అడ్డం వస్తే ఆ భాగం వరకు పైపు వేసుకోండి.

7. పల్లపు మడి

నర్సరీవాళ్లు రెయిన్ గార్డెన్ అనే ఈ పల్లపు మడే మొత్తం ఏర్పాటుకు గుండెకాయ. పైకి చూస్తే ఇరుగుపొరుగు ఇళ్లలో ఉండే పూలమడే, కాకపోతే ఎత్తుగా ఉండాల్సింది పల్లంగా ఉంటుంది. అలవాటు చొప్పున తోటమాలి మట్టి పోసి ఎత్తు చేసేస్తాడు, పని జరిగేటప్పుడు దగ్గర ఉండండి.

మన ఉదాహరణలో 12 × 5 అడుగుల మడి. ఇంటి గోడ నుంచి 5 అడుగులు, ప్రహరీ నుంచి కనీసం 2 అడుగులు వదలండి. ప్రహరీ పునాది లోతు తక్కువ. దాని వెంబడి నానిన మట్టి ఉంటే గోడ ఒరుగుతుంది.

ముందు సున్నంతో గీత గీసి 2 అడుగుల లోతు తవ్వండి. ఇందులో 18 అంగుళాలు మడి మట్టికి, పైన 6 అంగుళాలు నీరు నిలవడానికి. పైన 12 × 5 ఉన్నది కిందికి వాలుగా తగ్గి 11 × 4 అయ్యేలా అంచులు కోయండి, నిట్టనిలువుగా కోస్తే మొదటి వానకే కూలతాయి. జేసీబీని మడిలోకి దించొద్దు. దాని బరువుకు అడుగు మట్టి గట్టిపడిపోతే మీరు చేసిన ఇంకుడు పరీక్షకు అర్థం ఉండదు. అడుగును గడ్డపారతో ఆరు అంగుళాలు గుల్ల చేసి, మళ్లీ తొక్కకుండా నింపండి.

గంటకు అంగుళం దాటి ఇంకే నేలకు కొత్త మట్టి అక్కర్లేదు. తవ్విన ఎర్రమట్టిలోనే రెండు అంగుళాల మందం చివికిన పశువుల ఎరువు కలిపి తిరిగి పోయండి. నేల నెమ్మదిగా తాగేదైతే మట్టి మార్చాలి. ఈ కొలత మడికి దాదాపు 70 ఘనపుటడుగుల మిశ్రమం పడుతుంది: దొడ్డు ఇసుక 40, ఎర్రమట్టి 15, బాగా చివికిన ఎరువు లేదా వర్మీకంపోస్టు 15. ఇసుక బరువులో కొనాలంటే ఒకటిముప్పావు టన్ను చెప్పండి.

ఇసుక వచ్చిన రోజే పరీక్షించండి. గాజు గ్లాసులో సగం దాకా ఇసుక పోసి, నిండా నీళ్లు పోసి బాగా తిప్పి గంటసేపు కదపకుండా ఉంచండి. ఇసుక అడుక్కి చేరాక దాని మీద బురద పొర సన్నని గీతలా ఉంటే పనికొస్తుంది. వేలు మందం పేరుకుంటే లారీ తిప్పి పంపండి. రాబో శాండ్ (రాతిని పొడి చేసి తయారుచేసే ఇసుక) వాడితే కడిగిన రకమే అడగండి. ప్లాస్టరింగు ఇసుక మరీ సన్నం. క్రషర్ డస్టు అయితే తడిసి ఆరాక సిమెంటులా బిగుస్తుంది. మడి పాడవడానికి ఇసుక పేరుతో డస్టు పోయడం మొదటి కారణమైతే, పచ్చి పేడ ఎరువు రెండోది. పచ్చి ఎరువు నీటిలో కుళ్లి వాసన కొడుతుంది, ఈగలు చేరతాయి.

నింపిన మట్టి మొదటి వానలకు రెండు అంగుళాలు కుంగుతుంది, అందుకే కావలసిన మట్టానికి రెండు అంగుళాలు పైకే పోయండి. కాళ్లతో తొక్కొద్దు, జల్లులా పోసే మూతి (రోజ్) ఉన్న క్యానుతో తడిపితే అదే సర్దుకుంటుంది. ఇక ఒక్క సంగతి తప్పనిసరి: మడి అడుగు చదునుగా ఉండాలి. లెవల్ పైపు పెట్టి నాలుగు మూలలూ చూడండి. ఒక మూల రెండు అంగుళాలు పల్లమైతే నీరంతా అక్కడే చేరుతుంది, అక్కడి మొక్కలు కుళ్లుతాయి, అవతలి మూల మొక్కలు ఎండుతాయి.

తవ్విన మట్టిలో కొంత పల్లపు వైపు గట్టుగా వేసి తడిపి దిమ్మిసతో కొట్టండి. గట్టులో ఒకచోట అడుగున్నర వెడల్పున మిగతా గట్టుకన్నా 2 అంగుళాలు తగ్గించి, బండ రాళ్లు పరిచి కలుజు చేయండి. చెరువుకు ఉన్న కలుజు లాంటిదే ఇదీ. నిండిన నీరు అక్కడినుంచే దిగి 4వ మెట్టులో వేసిన పైపులోకో, గుంతలోకో పోవాలి. కలుజు లేని మడిలో నీరు బలహీనమైన చోట గట్టు తెంచుకుంటుంది.

ఈ మడి పైన 730, మట్టిలో 470, మొత్తం 1,200 లీటర్లు ఒకేసారి పడుతుంది. వాన పడుతున్నంతసేపూ కింద ఇంకుతూనే ఉంటుంది కాబట్టి అసలు మింగేది ఇంకా ఎక్కువ.

8. ఏ మొక్కలు

ఆగస్టులో ఒక రోజంతా నీళ్లలో నిలబడి, ఏప్రిల్‌లో వారం రోజులు నీరు లేకున్నా బతికే మొక్క కావాలి. అందుకే నీటి మొక్కలూ పనికిరావు, ఎడారి మొక్కలూ పనికిరావు.

మడి అడుగున వట్టివేరు మొదటి ఎంపిక. వేర్లు పక్కలకు పాకకుండా నిట్టనిలువుగా దిగుతాయి, గోడలకు బెడద లేదు, మట్టిలో నీటికి దారులు తెరుస్తాయి. అడుగుకు ఒక పిలక చొప్పున నీరు లోపలికి వచ్చే వైపు అడ్డం వరసగా నాటితే బురదను అక్కడే ఆపుతుంది. దానితో పాటు మెట్టతామర, స్పైడర్ లిల్లీ. మడి 44 చదరపు అడుగుల అడుగుకు వట్టివేరు 12, మెట్టతామర 8, స్పైడర్ లిల్లీ 12 సరిపోతాయి. ఏటవాలు అంచుల మీద నిమ్మగడ్డి, మట్టి కొట్టుకుపోకుండా గరిక. గట్టు పైన, నీరు అందని చోట మందారం, నందివర్ధనం.

బొప్పాయి మడిలో వద్దే వద్దు, రెండు రోజులు నీరు నిలిస్తే వేరు కుళ్లి చస్తుంది. కరివేపాకు, నిమ్మ, మునగ, కలబంద కూడా గట్టు దాటి లోపలికి రాకూడదు. చేమ బాగా పెరుగుతుంది కానీ ఎండాకాలం రోజూ నీళ్లు అడుగుతుంది.

పైన కప్పడానికి చెక్కపొట్టు, ఎండుటాకులు తేలి కలుజు దగ్గర అడ్డుపడతాయి. గులకరాళ్లు రెండు అంగుళాలు పరిస్తే కదలవు.

9. కారు దారి

కారు చక్రాలు పడే చోట మాత్రమే గట్టి నేల కావాలి. రెండు అడుగుల వెడల్పు కాంక్రీటు పట్టీలు రెండు, మధ్య మూడు అడుగుల ఖాళీలో కంకరో గరికో. చాలా కార్లకు ఈ కొలత సరిపోతుంది, అయినా మీ కారు చక్రాల ఎడం టేపుతో కొలిచాకే పోయించండి.

మొత్తం పేవర్లే కావాలంటే అడుగున 6 అంగుళాల 40, 20 ఎం.ఎం. మెటల్ (కంకర), దాని మీద 2 అంగుళాల 6 ఎం.ఎం. చిప్స్, ఆపైన 80 ఎం.ఎం. మందం పేవరు. సందుల్లోనూ సన్న చిప్సే. మేస్త్రి అలవాటుగా కింద బెడ్ కాంక్రీటు పోసి, సందులు సిమెంటుతో నింపుతాడు. అప్పుడది రంగు వేసిన కాంక్రీటు తప్ప మరోటి కాదు, చుక్క నీరు ఇంకదు. పని ఒప్పుకునే రోజే ‘కింద పీసీసీ (బెడ్ కాంక్రీటు) లేదు, సందుల్లో సిమెంటు లేదు’ అని కాగితం మీద రాయించండి.

10. ఇంకుడు గుంత

ఇప్పుడు గుంత. మడి కలుజు కిందికి, ఇంటి పునాదికి 5 అడుగులు, ప్రహరీకి 3 అడుగులు ఎడంగా 4 × 4 × 6 అడుగులు. ముందు 12 అడుగుల ఖాళీ ఉంటే ఇది సరిగ్గా ఇముడుతుంది. అంత చోటు లేకపోతే గుంత మానేసి మడిని పెంచడమే మేలు. అదే ఆవరణలో సెప్టిక్ ట్యాంకు సోక్ పిట్ ఉన్నా గుంత వద్దు. నాలుగడుగులు దాటాక వదులు మట్టి జారుతుంటే మనిషిని లోపలికి దించే ముందు పక్కలకు చెక్కలు కొట్టించండి.

కింది నుంచి పైకి 40 ఎం.ఎం. మెటల్ 3 అడుగులు, అంటే 48 ఘనపుటడుగులు. 20 ఎం.ఎం. అడుగున్నర, 24 ఘనపుటడుగులు. దాని మీద నైలాన్ జాలీ పరిచి 7 అంగుళాల దొడ్డు ఇసుక. పైన 11 అంగుళాలు ఖాళీ. జాలీ ఎందుకంటే పూడిక తీసేటప్పుడు పై ఇసుక ఒక్కటే ఎత్తి కడగొచ్చు. పక్క గోడలకు ప్లాస్టరింగు వద్దు, నీరు పక్కలకూ ఇంకాలి. నేల మట్టానికి పైన 3 అంగుళాలు లేచేలా ఇటుక అంచు కట్టించి, మనిషి బరువు ఆగే జాలీ మూత వేయించండి.

గుంతలోకి నీరు నేరుగా రాకూడదు. ముందు 2 × 2 × 2 అడుగుల ఇటుక చాంబరు, అందులో నీరు వచ్చే పైపు పైన, గుంతకు పోయే పైపు అడుగు నుంచి ఒక అడుగు ఎత్తున. బురద కింద దిగి, తేట నీరు గుంతకు పోతుంది. చాంబరు అడుగుకు సిమెంటు వేస్తే వాన ఆగాక నీరు అక్కడే నిలిచి దోమలు పుడతాయి. అడుగున గులకరాళ్లు పోసి వదిలేయండి.

మడి 1,200, గుంత 1,300, కలిపి 2,500 లీటర్లు. 25 మి.మీ. జల్లుకు డాబా నుంచి దిగే 2,300 లీటర్లకు ఇవి చాలు. కాంక్రీటు, మట్టి నుంచి వచ్చే మిగతాది కారు దారి కంకరలో, గంటలో ఇంకే నీటిలో సర్దుకుంటుంది. 50 మి.మీ. పడితే కలుజు పారుతుంది, పారాలి కూడా.

11. మొదటి వానలు, ఆ తర్వాత

మొదటి గట్టి వాన ఆగిన టైము రాసుకోండి. 24 గంటలకు మడిలో స్కేలు పెట్టండి. నీరు లేకపోతే సరే. కొద్దిగా ఉంటే మరో రెండు వానలు చూడండి, మట్టి సర్దుకుంటుంది. మూడో రోజుకూ నిలిచి ఉంటే దోమలకు అవకాశం ఇచ్చినట్టే, ఎందుకంటే వాటికి గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం పది రోజులు చాలు. పైన రెండు అంగుళాలు చెక్కి చూడండి. కింద మట్టి పొడిగా ఉండి పైపొరే పట్టు కట్టి ఉంటే సన్న బురద చేరింది, ఆ పొర తీసి దొడ్డు ఇసుక వేస్తే సరిపోతుంది. కింద కూడా జిగట బురదగా ఉంటే మిశ్రమంలో ఇసుక తక్కువ, లేదా అడుగు గట్టిపడింది. గడ్డపారతో రెండడుగులకొకటి చొప్పున లోతైన బొక్కలు చేసి 20 ఎం.ఎం. కంకర నింపి చూడండి. అప్పటికీ దిగకపోతే కలుజు ఎత్తు తగ్గించి మూడు అంగుళాల మడిగా మార్చుకోండి.

పక్క ప్లాటులో ఇల్లు కడుతుంటే జాగ్రత్త. వాళ్ల ఇసుక, సిమెంటు నీరు కాలువ వెంట మీ మడిలోకి వస్తే ఒక్క సీజనులో పట్టు కట్టేస్తుంది. ఆ పని ముగిసేదాకా నీరు వచ్చే నోటి దగ్గర ఇసుక బస్తాలు అడ్డం పెట్టండి.

మేలో డాబా ఊడ్చి, జాలీలు తీసి కడిగి, చాంబరులో బురద ఎత్తాలి. వానాకాలంలో ప్రతి పెద్ద వాన తర్వాత కలుజు దగ్గర ఆకులు తీయాలి. వట్టివేరును జనవరిలో అడుగు ఎత్తుకు కోస్తే దట్టంగా లేస్తుంది. గుంత పై ఇసుకను రెండేళ్లకోసారి జాలీతో సహా ఎత్తి, కడిగి, ఆరబెట్టి మళ్లీ పోయండి. కడిగిన నీరు మడిలో పోయొద్దు, వీధి మొక్కలకు పోయండి.